ముందుగా వచ్చిన హైమావతి

ఆపరేషన్‌కి ఇంకా తేదీ కూడా ఇవ్వకముందే, ఆపరేషన్ అయిపోయిన హైమావతి ఒక మంగళవారం ఉదయం ఆటోలో వచ్చి కాకినాడ రామారావుపేటలోని ఇంటి ముందు దిగింది. ఆపరేషన్ కావలసిన హైమావతి అప్పుడు వంటింట్లో పెసరపప్పు కడుగుతోంది. బెల్లు విని, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది. గుమ్మంలో తనే నిలబడి ఉంది. సగానికి సగం ఉంది. మెడ ఎముకలు కనిపిస్తున్నాయి. మోచేతుల దగ్గర చర్మం కాస్త వదులుగా వేలాడుతోంది.

"ఆసుపత్రి నుంచి వచ్చానండి," అంది వచ్చినావిడ కాగితం చాపుతూ. "అందినట్టు ఇక్కడ సంతకం పెట్టాలంట."

హైమావతి సంతకం పెట్టింది. పంపినట్టు పైన ఉన్న సంతకం, అందినట్టు కింద పెట్టిన సంతకం ఒక్కలాగే ఉన్నాయి. ఆటో అబ్బాయి కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఆసుపత్రి నుంచి ఎస్తేరు ఫోన్ చేసింది. ఎస్తేరు ఆ పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో బరువు తగ్గించే ఆపరేషన్ల విభాగానికి కోఆర్డినేటరు. పేషెంట్లందరితోనూ చుట్టాల్లాగా మాట్లాడుతుంది.

"ఫలితం చేరిందా మేడమ్? ఏమీ కంగారుపడకండి. ఇప్పుడందరికీ ఇలాగే పంపుతున్నాం. ఆపరేషన్ లేటయ్యేకొద్దీ పేషెంట్లకి అనుమానాలు వచ్చేస్తున్నాయి. ఇంట్లోవాళ్ళు కూడా వద్దని వెనక్కి లాగేస్తున్నారు. అందుకని ఫలితం ముందు పంపించేసి, ఆపరేషన్ వీలు చూసుకుని చేస్తున్నాం. తనకి మెత్తటి ఆహారం పెట్టండి. కొంచెం కొంచెంగా."

"మరి నాకు తేదీ ఎప్పుడండీ?"

"అప్రూవల్ రావాలి మేడమ్. వచ్చేస్తుంది."

కట్టని వంతెనలకి రిబ్బన్లు కత్తిరించడం చూసి చూసి ఉన్న జనం కాబట్టి వీధిలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఎదురింటివాళ్ళు మాత్రం గేటు దాకా వచ్చి, రంగు కూడా కొంచెం తేలిందే అనుకుని వెళ్ళారు.

హైమావతి మునిసిపల్ హైస్కూల్లో సోషల్ టీచరు. కూతురు పుట్టాక మొదలైన బరువు థైరాయిడ్‌తో పెరిగి, షుగరుతో స్థిరపడింది. పార్కు చుట్టూ నడిచింది. తేనె, నిమ్మరసం తాగింది. పక్క వీధిలో ఒకావిడ అమ్మే పొడి వాడింది. అన్నం మానేసి చూసింది. తగ్గిన ప్రతిసారీ తగ్గినదానికి ఇంకొంచెం కలిపి తిరిగొచ్చేది. పోయినేడు స్కూల్లో పైఅంతస్తుకి వెళ్తూ మెట్ల మధ్యలో ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆమె వెనక మెట్ల మీద చప్పుడు చేయకుండా నిలబడ్డారు. నవ్వని పిల్లలని చూశాకే ఆమెకి భయం వేసింది.

డాక్టరు, ఆపరేషనే దారి అన్నాడు. నిద్రలో ఊపిరి ఆగుతోంది, గుండె మీద భారం పడుతోంది, ఎంత తొందరగా అయితే అంత మంచిది అన్నాడు. హైమావతికి సరేననడానికి చాలా కాలం పట్టింది. నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకుంటావా అని ఆడపడుచు అంది. తెలిసినవాళ్ళ వదినకి జుట్టంతా రాలిపోయిందని స్టాఫ్ రూములో చెప్పారు. మత్తు తర్వాత లేవనివాళ్ళ గురించి ఒకరు వివరంగా చెప్పారు. అన్నీ విని, ఆఖరికి ఒకరోజు తనే వెళ్ళి పేరు రాయించుకుంది. సరేనన్న మనిషిని ఆసుపత్రి వెంటనే తీసుకోలేదు. గుండె పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష, నిద్ర పరీక్ష, మానసిక వైద్యుడి ఆమోదం, బీమావాళ్ళ ఆమోదం అన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాలన్నారు. ఒకటి వచ్చేసరికి ఇంకోదాని గడువు తీరిపోయేది.

భర్త భాస్కరరామం పోర్టులో ఒక సరుకు రవాణా కంపెనీలో పనిచేస్తాడు. చెడ్డవాడు కాదు. ఆసుపత్రికి ప్రతిసారీ తోడు వెళ్ళేవాడు. స్కూటరు మీద ఇద్దరూ పట్టడం మానేశాక, హైమావతి ఆటోలో, ఆయన స్కూటరు మీద వెళ్ళేవారు. ఆటో వెనక వస్తోందో లేదో అని ఆయన అద్దంలోకి చూసుకుంటూ ముందు వెళ్ళేవాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆటోని వదిలేసి వెళ్ళిపోలేదు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి ఇద్దర్నీ చూశాడు. చెప్పులు విప్పి, ఫ్యాను కింద కూర్చుని, మంచినీళ్ళు అడిగాడు. ఇద్దరూ వంటింటి వైపు కదిలారు. సన్నగా ఉన్నావిడ ముందు చేరుకుంది.

నీళ్ళు తాగి ఆయన గ్లాసు చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు.

"భానుగుడి సెంటరు దాకా వెళ్ళొద్దామా?" అన్నాడు, ఇద్దరికీ మధ్య ఉన్న గోడ వైపు చూస్తూ.

సన్నావిడ హైమావతి వైపు చూసింది.

"వెళ్ళిరా," అంది హైమావతి. "హెల్మెట్టు బీరువా పైన ఉంటుంది."

స్కూటరు వీధి మలుపు తిరిగేదాకా ఆమె వరండాలో నిలబడి చూసింది. సన్నావిడ చెయ్యి ఆయన భుజం మీద ఉంది. ఆయన అద్దంలోకి చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు కదా అనుకుని లోపలికొచ్చి పప్పు పోపు పెట్టింది.

ఇంట్లో ఇద్దరు ఉండటం మొదట్లో కాస్త ఇబ్బందిగానే ఉండేది. పేరు పెట్టి పిలిస్తే ఇద్దరూ పలికేవారు. కొన్నాళ్ళకి సన్నావిడే ఆ ఇబ్బంది తీర్చింది. హైమావతిని అక్కా అనడం మొదలుపెట్టింది. మనిషి నెమ్మదస్తురాలు. వంటింటి గట్టు పక్కన స్టూలు మీద కూర్చుని, చిన్న గిన్నెలో మెత్తగా కలిపిన పెరుగన్నం చెంచాతో తినేది. మూడు నాలుగు చెంచాలకే చాలు అనేది. తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు వచ్చేది.

"నొప్పి పుట్టిందా?" అని హైమావతి ఒక మధ్యాహ్నం అడిగింది. ఆ ప్రశ్న ఆమె చాలా రోజులుగా దాచుకుంది.

"ఏమో అక్కా, చెప్పలేను. ఆ భాగం ఇంకా జరగలేదు కదా. నాకు థియేటరు తలుపు దాకా గుర్తుంది. ఆ తర్వాత ఆటోలో ఉన్నాను."

"తలుపు దగ్గర భయం వేసిందా?"

"నీకు వేస్తుందా?"

"వేస్తుంది."

"అయితే వేసే ఉంటుంది," అంది సన్నావిడ.

స్కూల్లో హెడ్మాస్టారు ఈ ఏర్పాటుని సానుకూలంగా తీసుకున్నారు. "మీరు ఆపరేషన్ ముందు రెస్టు తీసుకోండి మేడమ్. పైఅంతస్తు క్లాసులు ఈవిడ చూసుకుంటారు. ప్రభుత్వానికి కావలసింది హైమావతి. హైమావతి వస్తోంది కదా," అన్నారు. హాజరు వేసే యాప్‌లో ముఖం ఫోటో మార్పించారు. తర్వాత ఒకరోజు సన్నావిడకి జ్వరమొచ్చి హైమావతి స్కూలుకి వెళ్తే ఫోను ఆమె ముఖాన్ని తీసుకోలేదు. ముఖం సరిపోలడం లేదు, దయచేసి అసలు ఉద్యోగిని నిలబెట్టండి అని వచ్చింది. హెడ్మాస్టారు ఎండ పడుతోందేమోనని ఆమెని నీడలోకి జరిపి చూశారు. ఆనక టీ ఇప్పించి పంపారు.

కూతురు నీహారిక ఇంటర్ రెండో సంవత్సరం. మొదటి నెలంతా ఇద్దరినీ ఏమీ పిలవకుండా గడిపింది. కావలసింది గాల్లోకి అడిగేది. ఒక ఆదివారం కాలేజీ స్నేహితురాళ్ళు ముగ్గురు ఇంటికొచ్చారు. సన్నావిడ వాళ్ళకి పళ్ళరసం ఇచ్చి మాట్లాడుతోంది. హైమావతి జంతికల పళ్ళెం పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఒకమ్మాయి మర్యాదగా లేచి నమస్తే పెట్టి, ఎవరన్నట్టు నీహారిక వైపు చూసింది.

"మా పెద్దమ్మ," అంది నీహారిక.

హైమావతి పళ్ళెం బల్ల మీద పెట్టింది. "తినండమ్మా, ఇంట్లో చేసినవే," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సన్నావిడ వెనకాలే వచ్చింది.

"దానికి తెలీక అంది అక్కా."

"తెలిసే అంది. నేను నీకు అక్కనైతే దానికి పెద్దమ్మనే కదా. వరస సరిగ్గానే ఉంది."

స్నేహితురాళ్ళు వెళ్ళాక నీహారిక వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడింది. సారీ చెప్పడానికి వచ్చిందని హైమావతికి అర్థమైంది. "జంతికలు మిగిలాయా?" అని మాత్రం అడిగింది నీహారిక. ఆ పిల్ల ఏడుపు మొహంతో రెండు జంతికలు తిని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఇంట్లో కూడా పెద్దమ్మా అనే పిలిచింది. పిలిచినప్పుడల్లా గొంతులో ప్రేమ ఉండేది. అంతకుముందు ఏడాదంతా లేనంత ప్రేమ ఉండేది.

సామర్లకోటలో ఆడపడుచు కొడుకు పెళ్ళికి ముగ్గురే వెళ్ళారు. హైమావతికి మర్నాడు నిద్ర పరీక్ష ఉంది. పెళ్ళిలో అందరూ సన్నావిడ చుట్టూ చేరారు. కడుపు కోయించుకుంటావా అన్న ఆడపడుచే చెంపలు పట్టుకుని, ఎంత బాగా తగ్గావే అంది. ఏం తిన్నావు, ఎన్ని గంటలు నడిచావు అని అడిగారు. మేం మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాం, మనసులో గట్టిగా అనుకుంటే తగ్గుతారని, అన్నారు. తిరిగొచ్చాక సన్నావిడ పట్టుచీర కూడా మార్చుకోకుండా స్టూలు మీద కూలబడింది.

"నేనేం చేశానని అక్కా అందరూ మెచ్చుకుంటారు? నేను ఒక్క రోజు నడవలేదు. ఇలాగే వచ్చాను. ఆకలి పడ్డదంతా నువ్వు. నీ గురించి ఒక్కళ్ళూ అడగలేదు."

"నన్నే కదే మెచ్చుకున్నారు," అంది హైమావతి. అది ఎంతవరకు నిజమో ఆమెకీ తెలియలేదు.

ఇంతలో బీమావాళ్ళ నుంచి జవాబు వచ్చింది. ఫలితం ఇంట్లో సంతృప్తికరంగా ఉన్నట్టు తెలుస్తోంది కాబట్టి, ఆపరేషన్ ఎందుకు అవసరమో మళ్ళీ వివరించమన్నారు. ఆసుపత్రి వివరించింది. వివరణ చేరేసరికి గుండె పరీక్ష గడువు తీరింది. గుండె పరీక్ష మళ్ళీ చేయించేసరికి మానసిక వైద్యుడు సెలవు మీద ఉన్నాడు. ఆయన వచ్చేసరికి వానలు మొదలయ్యాయి. హైమావతి కాళ్ళు నీరు పట్టాయి. నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచి కూర్చునేది. గురకకి ఎవరికీ నిద్ర పట్టడం లేదని ఆమె ఎప్పటినుంచో హాల్లోనే పడుకుంటోంది. సన్నావిడ మొదట నీహారిక గదిలో పడుకునేది. తర్వాత ఎక్కడ పడుకుంటోందన్నది ఎవరూ ఎవరినీ అడగలేదు.

మానసిక వైద్యుడు ఫణీంద్ర చిన్నవాడు, శ్రద్ధగా వినేవాడు.

"ఫలితం కళ్ళముందే ఉంది కదమ్మా. ఇంకా ఏమిటి మీ సందేహం?"

"పోతానేమోనని భయం డాక్టరుగారూ."

"ఈ ఆపరేషన్లో ప్రాణాపాయం చాలా తక్కువ."

"బల్ల మీద పోవడం గురించి కాదండీ. బాగా జరిగితే ఏమిటా అని. బాగా జరిగితే తను ఉంటుంది. నేను ఎక్కడికి వెళ్తాను?"

డాక్టరు కలం కింద పెట్టి ఆమెని నిజమైన జాలితో చూశాడు. తర్వాత కలం తీసి, సందేహం మిగిలి ఉంది, తీరాక పంపగలరు అని రాశాడు.

"సందేహం లేకుండా వస్తేనే నేను సంతకం పెట్టగలనమ్మా. రూలు అలా ఉంది."

"అందరూ లేకుండానే వస్తారా?"

"లేదని చెప్పేవాళ్ళు వస్తారు," అన్నాడాయన మెల్లగా.

ఇంటికొచ్చాక ఆమె ఆపరేషన్ మానేద్దామనుకుంది. ఆ మాట వంటింట్లో పైకే అంది. సన్నావిడ చేతిలో చెంచా గిన్నెలో పడింది. జగన్నాథపురంలో సన్యాసిరావు అనే ఆయన సంగతి అప్పుడే చెప్పింది. ఆయన భయపడి ఆపరేషన్ వద్దని రాసిచ్చాడు. వారం తిరక్కుండా ఆసుపత్రి వ్యాను వచ్చి ఆయన ఫలితాన్ని వెనక్కి తీసుకుపోయింది. ఇంటిల్లిపాదీ వీధిలోకొచ్చి ఏడ్చారు. భార్య వ్యాను వెనక చాలా దూరం పరిగెత్తింది. సన్యాసిరావు వరండాలో కూర్చుని అదంతా చూశాడు. ఆ రోజు నుంచీ ఆయనతో ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు.

"వెనక్కి తీసుకుపోయి ఏం చేస్తారు?" అంది హైమావతి.

"నాకు తెలీదు అక్కా. అది కూడా ఇంకా జరగలేదు."

వీధిలో వ్యాను హారను మోగినప్పుడల్లా ఈ మనిషి ఎందుకు పెరట్లోకి వెళ్ళిపోతుందో హైమావతికి అప్పుడు తెలిసింది. తనలోంచి వచ్చిన మనిషి తనవల్లే వణుకుతోంది. ఆమె సన్నావిడ తల దగ్గరికి తీసుకుని, పలచబడిన జుట్టు మీద చెయ్యి వేసి ఉంచింది. ఇద్దరికీ ఒకే వాసన ఉంది, కొబ్బరినూనె, కాస్త చెమట.

మరుసటి వారం ఫణీంద్ర ముందు కూర్చుని, "నాకు ఏ సందేహమూ లేదండీ," అంది. ఆయన సంతకం పెట్టాడు.

అన్ని కాగితాలూ ఒకే వారంలో చెల్లుబాటు కావడం కార్తీకంలో జరిగింది. ఎస్తేరు తేదీ చెప్పి, కాలేయం మెత్తబడటానికి అన్నం మానేసి ద్రవాలు మాత్రమే తాగమంది. హైమావతి జావ, మజ్జిగ, పల్చటి చారు తాగింది. ఆకలికి రాత్రి చేతులు వణికేవి. ఆమె తాగినన్నాళ్ళూ సన్నావిడ కూడా అదే తాగింది. భాస్కరరామం దేవుడి గదిలో దీపం పెట్టించాడు. ఆపరేషన్ రోజున స్కూలు వార్షికోత్సవం పడింది. హైమావతి మేడమ్ లేకపోతే కుదరదని హెడ్మాస్టారు పట్టుబట్టారు. సన్నావిడ అక్కడికి వెళ్ళాల్సి వచ్చింది. నీహారిక నాటకంలో వేషాలు వేసేవాళ్ళకి సాయానికి వెళ్ళింది. భాస్కరరామం ఆసుపత్రిలో దింపి, వాళ్ళిద్దరినీ తీసుకుని సాయంత్రం వస్తానన్నాడు.

హైమావతికి ఆకుపచ్చ గౌను తొడిగారు. మంగళసూత్రం, గాజులు తీసి చిన్న కవర్లో పెట్టారు. తలకి టోపీ పెట్టి, చక్రాల మంచం మీద పడుకోబెట్టి థియేటరు తలుపు దాకా తోసుకెళ్ళారు. తలుపు దగ్గర నిజంగానే భయం వేసింది. ఇంటికెళ్ళి ఆ మాట సన్నావిడకి చెప్పాలనుకుంది.

తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి ఎస్తేరు వచ్చింది, చేతిలో పూలగుత్తితో.

"కంగ్రాచ్యులేషన్స్ మేడమ్! మీ ఆపరేషన్ సక్సెస్."

హైమావతి తల తిప్పి గోడ గడియారం వైపు చూసింది. మత్తు ఇచ్చినట్టు గుర్తులేదు. పొట్ట తడుముకుంది. ఎప్పటిలాగే ఉంది.

"ఇంకా లోపలికి తీసుకెళ్ళలేదు కదండీ?"

"కంప్యూటరు తీసుకోవట్లేదు మేడమ్. మీ ఫలితం బరువు ఇన్నాళ్ళుగా నిలకడగా ఉంది. ఆర్నెల్ల చెకప్పుకి తనే వచ్చి చూపించుకుంది కదా. అన్నీ నార్మలే. ఆపరేషన్ పూర్తయినట్టు పైనుంచి నమోదు చేసేశారు. పూర్తయినదాన్ని మళ్ళీ చేయడానికి మాకు వీలుండదు."

"మరి నా షుగరో?"

"మీకు షుగరు తగ్గిపోయిందండి. రిపోర్టులో ఉంది."

"నిద్రలో ఊపిరి ఆగుతోందండీ."

"ఆగట్లేదు మేడమ్. అది కూడా రిపోర్టులో ఉంది. చాలా మంచి కేసు మీది. డాక్టరుగారు మీటింగుల్లో మీ గురించే చెప్తున్నారు."

"మరి నేను ఎవర్నండీ?"

ఎస్తేరు మొహంలో చిరునవ్వు పోలేదు, కానీ కళ్ళు కిందికి దిగాయి. పూలగుత్తి హైమావతి గుండెల మీద జాగ్రత్తగా పెట్టింది.

"మీరు 'ముందు' మేడమ్. మేం ముందూ తర్వాతా అని చూపిస్తాం కదా, ఆ ముందు."

తోసుకొచ్చిన మనిషే మంచాన్ని వెనక్కి తోసుకెళ్ళాడు. టోపీ తీసి, నగల కవరు ఇచ్చారు. అప్పగించేముందు నర్సు ఫోటోతో సరిచూసి, ఇవి హైమావతిగారివి, ఆవిడకి అందజేయండి అంది. హైమావతి సరేనంది. వరండాలో బెంచీ మీద కూర్చుని భర్తకి ఫోన్ చేసింది. అవతల మైకులో పాట, పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

"అలాగా," అన్నాడాయన అంతా విని. "పోన్లే, కోతా కుట్లూ లేకుండా తప్పింది. అంతా మన మంచికే." తర్వాత ఆయన గొంతు సర్దుకున్నాడు. "మరి... ఇంటికి వస్తారా మీరు?"

పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఆమెని మీరు అనడం అదే మొదటిసారి. ఆయన కూడా ఆ మాట విన్నట్టున్నాడు, వెంటనే ఇంకేదో అన్నాడు. అది పాటలో కలిసిపోయింది.

ఆమె ఇంటికి వెళ్ళింది. ఇంట్లో అందరూ ఎంతో ఆదరంగా చూశారు. అదే కష్టంగా ఉండేది. భాస్కరరామం ఆమె ఎదురైతే లేచి నిలబడేవాడు. పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాడు. వచ్చినవాళ్ళకి మా వదినగారు అని పరిచయం చేసేవాడు. నీహారిక మందులు వేళకి గుర్తుచేసేది. మందుల షాపులో మాత్రం చీటీ చెల్లదన్నారు, షుగరు తగ్గినవాళ్ళకి షుగరు మందు ఇవ్వకూడదని. సన్నావిడ ఏ చీటీ ఎవరి పేరున రాయించిందో ఏమో, వెతికి తెచ్చి ఇచ్చింది.

ఒక మధ్యాహ్నం సన్నావిడ స్కూలు నుంచి త్వరగా వచ్చి వంటింట్లో నేల మీద కూర్చుంది.

"నేను తిరిగి వెళ్ళిపోనా అక్కా? వ్యాను పిలిపిస్తాను. నువ్వు నీ ఇంట్లో ఉండు."

హైమావతి ఆ ఇంట్లో నవ్వులు వినిపించడం మొదలై ఎన్నాళ్ళయిందో ఆలోచించింది. స్కూటరు చప్పుడుకి నీహారిక గేటు దాకా పరిగెత్తడం గురించి ఆలోచించింది.

"నువ్వు పోతే వాళ్ళకి మిగిలేది నేనే కదే," అంది. "తట్టుకోలేరు."

ఆ వారంలోనే ఎస్తేరు ఫోన్ చేసింది. ఆసుపత్రి రెండో అంతస్తులో 'ముందు' వాళ్ళకని ఒక హాలు ఉందని చెప్పింది. ఏసీ ఉంటుంది, లిఫ్టు ఉంటుంది, భోజనం మెనూ డాక్టర్లే నిర్ణయిస్తారు. కొత్తగా వచ్చే పేషెంట్లకి ధైర్యం చెప్పాలి, అంతే. గోడ మీద 'తర్వాత' వాళ్ళ ఫోటోలు ఉంటాయి, కింద కుర్చీల్లో 'ముందు' వాళ్ళు కూర్చుంటారు. చూసేవాళ్ళకి తేడా తెలుస్తుంది. హైమావతి నాలుగు చీరలు సర్దుకుని వెళ్ళింది. భాస్కరరామం దింపుతానన్నాడు కానీ, ఆటో చాలంది. ఆటో ఎక్కుతుంటే సన్నావిడ చెయ్యి వదలలేదు. ఆటో కదిలాక కూడా నాలుగడుగులు పట్టుకునే నడిచింది.

హాల్లో కుర్చీలు వెడల్పుగా ఉన్నాయి. ఆ ఏర్పాటుని ఆమె మనసులో నిజంగానే మెచ్చుకుంది. చేతులు ఒరుసుకోని కుర్చీలో కూర్చుని చాలా ఏళ్ళయింది. పక్కన కూర్చునే ఆయన పిఠాపురంలో బట్టల వ్యాపారం చేసేవాడు. ఇప్పుడు ఆ వ్యాపారం ఆయన 'తర్వాత' చూసుకుంటున్నాడు. పండక్కి తనకీ కొత్త బట్టలు పంపాడని, కొలత మాత్రం గుర్తులేక చిన్నవి పంపాడని నవ్వుతూ చెప్పాడు. ఎవరూ ఇంటివాళ్ళని తప్పుపట్టేవారు కాదు. పిల్లల మార్కులు, కొత్త ఇళ్ళ గృహప్రవేశాలు చెప్పుకునేవారు. రాత్రిళ్ళు ఎవరికైనా ఊపిరి ఆగితే పక్కవాళ్ళు తట్టి లేపేవారు. అందువల్ల ఆ హాల్లో హైమావతి ఇంట్లోకంటే బాగానే నిద్రపోయేది.

మాఘమాసంలో ఒక ఉదయం ఓ అమ్మాయి తల్లితో వచ్చింది. పాతికేళ్ళుంటాయి. ఇంకా తేదీ ఇవ్వలేదు, ఫలితం మాత్రం వచ్చే వారం పంపుతామన్నారట. తల్లి గోడ మీద ఫోటోలు చూస్తూ ఒక చివర నుంచి ఇంకో చివరకి నడుస్తోంది. అమ్మాయి చున్నీ పొట్ట మీదకి లాక్కుంటూ హైమావతి పక్క కుర్చీలో కూర్చుంది.

"మీకు ఆపరేషన్ అయిపోయిందాండీ?"

"అయిపోయిందమ్మా."

అమ్మాయి ఆమెని పైనుంచి కింది దాకా చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం ఏమీ లేదు.

"భయం వేసిందా?"

"తలుపు దగ్గర వేసింది. తర్వాత ఏమీ తెలియలేదు."

"బాగా జరిగిందా మరి?"

"చాలా బాగా జరిగింది. మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు."

అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. మొహం తేటపడింది. "మా అమ్మ కూడా అలా సంతోషపడితే చాలండీ నాకు," అంది. ఇంతలో ఎస్తేరు లోపల్నుంచి పేరు పిలిచింది. తల్లీకూతుళ్ళు చేయీ చేయీ పట్టుకుని సంతకాల గదిలోకి వెళ్ళారు.

అప్పుడే కొత్తగా వచ్చిన ఒకాయన ఆ ఖాళీ కుర్చీ వైపు నడిచాడు. "మనిషి ఉన్నారండీ," అంది హైమావతి, కుర్చీలో తన చేతిరుమాలు వేస్తూ. "మళ్ళీ వస్తుంది."